తుపానుకు పంట మునిగితే: ఇన్‌పుట్ సబ్సిడీ చేతికి అందేదాకా ఏం చేయాలి

ఆంధ్రప్రదేశ్‌లో తుపానుకో వరదకో పంట పోయినప్పుడు ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ పోయిన పంట ఖరీదుకు సరితూగే సొమ్ము కాదు. మళ్లీ విత్తనం, ఎరువు, దుక్కి ఖర్చులకు ఆసరాగా ఇచ్చేది. మొత్తం చిన్నదే అయినా కౌలు అప్పు నెత్తిన ఉన్న కుటుంబానికి దాళ్వా (రెండో పంట) నాట్లు పడతాయా లేదా అన్నది చాలాసార్లు దానిమీదే ఆధారపడుతుంది. అందుకే అర్హత ఉండి కూడా ఈ డబ్బు అందకపోవడం బాధాకరం. అలా అందని చోట తేడా ఎక్కువగా మూడు దగ్గర్లలో జరుగుతుంది: ఈ-పంట (ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వ రికార్డుకు ఎక్కించే) నమోదులో, ఊళ్లో పెట్టిన జాబితా చూసుకోకపోవడంలో, ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతాలో.

ఎంత వస్తుంది?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ విపత్తు ప్రతిస్పందన నిధి ఉంటుంది. మన రాష్ట్రం వంటి వాటికి అందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. ఆ నిధి నుంచి దేనికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోం శాఖ నిర్ణయిస్తుంది. 2022–23 నుంచి 2025–26 వరకు నిర్ణయించిన రేట్లు ఇవి, అన్నీ హెక్టారుకు:

వర్షాధార పంట: 8,500 రూపాయలు
నీటి వసతి ఉన్న పంట: 17,000 రూపాయలు
బహువార్షిక పంటలు, తోటలు: 22,500 రూపాయలు
మల్బరీ: 6,000 రూపాయలు

పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటేనే ఇవి వర్తిస్తాయి. 2015కు ముందు ఆ హద్దు 50 శాతం ఉండేది. ఒక రైతుకు గరిష్ఠంగా 2 హెక్టార్లకే ఇస్తారు, అంటే దాదాపు 5 ఎకరాలు. పది ఎకరాల రైతుకు అర్హత లేదన్న మాట ఊళ్లలో వినిపిస్తుంది, అది నిజం కాదు. అతనికీ 2 హెక్టార్ల వరకు వస్తుంది. మరీ చిన్న కమతాలకు కనీస మొత్తం కూడా ఉంది: వర్షాధారానికి 1,000, నీటి వసతి ఉన్న దానికి 2,000, బహువార్షిక పంటలకు 2,500 రూపాయలు.

కేంద్రం నిర్ణయించిన దానికంటే ఎక్కువ ఇవ్వాలనుకుంటే రాష్ట్రం ఆ తేడాను సొంత ఖజానా నుంచి పెట్టుకుంటుంది. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000 రూపాయలు, అంటే ఎకరాకు 10,000 ప్రకటించింది అలాగే. కాబట్టి ప్రతి విపత్తు తర్వాతా వచ్చే ప్రభుత్వ ఉత్తర్వే మీకు లెక్క. రైతు సేవా కేంద్రంలో దాని నకలు అడిగి చూడండి. పేపర్లో వచ్చిన రేటు ఏ పంటకో, ఎకరాకో హెక్టారుకో సరిచూసుకోకపోతే లెక్క రెండున్నర రెట్లు తప్పుతుంది.

లెక్క వేసుకునే తీరు: 3 ఎకరాల 20 సెంట్ల కాలువ కింద వరి పోయిందనుకుందాం. ఎకరాలను 2.47తో భాగిస్తే హెక్టార్లు వస్తాయి, ఇక్కడ సుమారు 1.295. దాన్ని 17,000తో గుణిస్తే దాదాపు 22,000 రూపాయలు. అదే చేను పొరపాటున వర్షాధారమని నమోదైతే సరిగ్గా సగం, 11,000. నీటి ఆధారం అన్న ఆ చిన్న గడి విలువ అంత.

తుపాను రాకముందే చేయాల్సినవి

మొదటిది ఈ-పంట నమోదు. నష్టం లెక్కించే బృందం చేతిలో ఉండే పట్టిక ఈ-పంట నుంచే వస్తుంది. అందులో లేని చేనుకు, గట్టు మీద నిలబడి ఎంత చూపించినా డబ్బు పడటం చాలా కష్టం. గ్రామ వ్యవసాయ సహాయకుడు చేను దగ్గరికి వచ్చి సర్వే నంబరు, పంట, రకం, విస్తీర్ణం, నాటిన తేదీ, నీటి ఆధారం ఎక్కించి ఫొటో తీస్తారు. వీఆర్వో ధ్రువీకరిస్తారు. ఆ తర్వాత రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ పూర్తి చేయాలి. చాలామంది మొదటి అంకంతో పని అయిపోయిందనుకుంటారు. ఈ-కేవైసీ కాకపోతే నమోదు సగంలో ఆగినట్టే. అది పూర్తయ్యాక ఇచ్చే రసీదు తీసుకుని అక్కడికక్కడే ఐదు వివరాలు చదవండి: ఎవరి పేరు, ఏ సర్వే నంబరు, ఏ పంట, ఎన్ని సెంట్లు, నీటి వసతి ఉందా లేదా. తప్పుంటే ఆ రోజే చెప్పాలి. తుది జాబితా ఖరారయ్యాక దిద్దించడానికి మండలాఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అరటి, తమలపాకు, కూరగాయలు, మిరప, పసుపు వంటివి ఉద్యాన శాఖ కిందికి వస్తాయి. వాటికి ఉద్యాన సహాయకుణ్ణి కలవాలి. కొబ్బరి తోటలో అంతర పంటగా అరటి గానీ కోకో గానీ ఉంటే రెండూ నమోదయ్యాయో లేదో చూడండి. కోనసీమలో గాలివానకు ముందు పడిపోయేది అరటే. నమోదులో కొబ్బరి ఒక్కటే ఉంటే నిలబడి ఉన్న చెట్లు చూసి నష్టం లేదని రాసేస్తారు.

రెండోది కౌలు. సాగు చేసేది ఒకరు, ఈ-పంటలో పేరు మరొకరిది అయితే డబ్బు పేరున్న వారి ఖాతాకే పోతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెట్టుబడి పెట్టి మునిగేది ఎక్కువగా కౌలు రైతే. ఇంత పెద్ద వ్యవస్థలో అతనికి ఉన్న రక్షణ ఒక్క కాగితం: 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం, వాడుకలో సీసీఆర్‌సీ కార్డు. దాని కాలపరిమితి 11 నెలలు. ఒప్పంద పత్రంపై భూమి యజమాని సంతకం కావాలి, వీఆర్వో ద్వారా దరఖాస్తు చేయాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందని యజమానులు జంకుతారు. ఈ పత్రం పంటపై హక్కుకే గానీ భూమిపై హక్కుకు పనికిరాదని చట్టంలోనే ఉంది. ఆ మాట వీఆర్వో చేత యజమానికి చెప్పించండి, మీరు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. కార్డు ఉంటే ఇన్‌పుట్ సబ్సిడీ, పంట బీమా, పంట రుణం మూడింటికీ దారి ఉంటుంది. నిరుటి కార్డు ఈ సార్వాకు (ఖరీఫ్ పంటకు) చెల్లదు. నాట్లకు ముందే కొత్తది తీసుకుని, ఈ-పంటను మీ పేరుతో చేయించుకోండి.

తండ్రి పేరున ఉన్న భూమి, ఆయన చనిపోయి ఏళ్లయినా మ్యుటేషన్ (రికార్డులో వారసుల పేరుకు మార్చడం) కాకపోవడం ఇంకో పెద్ద చిక్కు. అన్నదమ్ములు విడివిడిగా సాగు చేస్తున్నా రికార్డులో ఒకే ఖాతా ఉంటుంది. ఇది తుపాను తర్వాత వారంలో తెగే పని కాదు. వేసవిలోనే సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి.

మూడోది బ్యాంకు. సబ్సిడీ ఆధార్ ఆధారంగా జమ అవుతుంది. మీరు దరఖాస్తులో రాసిన ఖాతా నంబరుకు కాకుండా, జాతీయ చెల్లింపుల సంస్థ పట్టికలో మీ ఆధార్‌కు చివరగా జతపడిన ఖాతాకు పోతుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే అది ఏ బ్యాంకో తెలుస్తుంది. అక్కడ చూసుకోవాల్సినవి: ఆ ఖాతా ఇంకా నడుస్తోందా (రెండేళ్లు లావాదేవీలు లేకపోతే నిద్రాణ ఖాతాగా మారుస్తారు), కేవైసీ గడువు దాటి స్తంభించిందా, అది పంట రుణ ఖాతానా. రుణ ఖాతా అయితే వచ్చిన డబ్బు బాకీలో కలిసిపోయే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు పొదుపు ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లి, ఆధార్‌ను ప్రభుత్వ చెల్లింపుల కోసం ఈ ఖాతాకు జత చేయమని ఫారం నింపి ఇవ్వండి. ఖాతాలో ఆధార్ నంబరు ఉండటం వేరు, చెల్లింపుల పట్టికలో జతపడటం వేరు. బ్యాంకులో ఈ రెండోదే అడగాలి.

మునిగిన తర్వాత మొదటి మూడు రోజులు

నీళ్లు చేలో ఉండగానే ఫొటోలు తీయండి. ఒకటి దూరం నుంచి, పక్క చేలూ గట్టూ విద్యుత్ స్తంభమో చెట్టో కనిపించేలా. ఒకటి దగ్గర నుంచి, దుబ్బు గానీ కంకి గానీ స్పష్టంగా తెలిసేలా. తేదీ, స్థానం ఫొటో మీద పడే యాప్ వాడితే మేలు. నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయో చూపాలంటే రోజూ ఒకే చోట నిలబడి ఒక ఫొటో తీస్తే చాలు.

పంట ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి చూపాల్సిన నష్టం మారుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు చాలా చోట్ల వరి ఈనిక, పాలు పోసుకునే దశల్లో ఉంది. ఆ దశలో చేను పైకి పచ్చగా నిలబడే ఉంటుంది, నష్టం మాత్రం పుప్పొడి కొట్టుకుపోయి తాలుగింజల రూపంలో రెండు మూడు వారాలకు బయటపడుతుంది. బృందం తొలి వారమే వచ్చి నష్టం తక్కువని రాస్తే, కంకిలో తాలు ఎంతో లెక్కించి మళ్లీ పరిశీలన కోరాలి. పది చోట్ల నుంచి పది కంకులు కోసి గట్టిగింజలు, తాలుగింజలు వేరుచేసి లెక్కపెడితే శాతం తేలిపోతుంది. ఆ కంకులు దాచి పెట్టండి.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తుపాను తీరం దాటినప్పటి పరిస్థితి వేరు. వరి కోతకొచ్చి ఉంది, కొంత పనల మీద, కొంత కుప్పల్లో ఉంది. నేలవాలిన చేలో గింజ మొలకెత్తడం, రంగు మారడం అప్పటి నష్టం. ఇక్కడ రైతు రెండు పనుల మధ్య నలిగిపోతాడు: మిగిలింది కాపాడుకోవాలా, అధికారి వచ్చేదాకా అలాగే ఉంచాలా? కాపాడుకోవడమే సరి. నీళ్లు బయటికి తీయడం, పడిన దుబ్బుల్ని లేపి జడలు కట్టడం, మొలక రాకుండా 5 శాతం ఉప్పు ద్రావణం చల్లడం (లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు, ఎకరాకు 200 లీటర్లయితే 10 కిలోలు) వల్ల నష్టం ఆనవాళ్లు చెరగవు. చెరిగేది కోత కోసినప్పుడు, దమ్ము చేసినప్పుడే. కోయక తప్పదనుకుంటే ముందు రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా చెప్పి, ఫొటోలు తీసి, చేలో ఒక పక్క కొన్ని సెంట్లు కోయకుండా వదిలేయండి. పనలు, కుప్పల మీద ఉన్న వరికి వర్తిస్తుందో లేదో ఆ విపత్తుకు వచ్చిన ఉత్తర్వులోనే చూడాలి, ప్రతిసారీ ఒకేలా ఉండదు.

దరఖాస్తు తెల్లకాగితం మీద రాస్తే చాలు. పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు, ఈ-పంట రసీదు సంఖ్య, ఎకరాలు సెంట్లలో విస్తీర్ణం, పంట దశ, నీళ్లు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నిలిచాయి, మీ అంచనాలో ఎంత శాతం పోయింది, ఫోన్ నంబరు. రెండు ప్రతులు రాసి రెండో దానిపై తేదీతో సంతకం చేయించుకోండి. ముందుముందు అభ్యంతరం పెట్టినా, అర్జీ ఇచ్చినా ఆ ప్రతే ఆధారం. సార్వా తొలి నెలల్లో వరద వస్తే ఈ-పంట నమోదు ఇంకా సాగుతూనే ఉంటుంది. అప్పుడు మునిగిన సర్వే నంబర్లను ముందుగా నమోదు చేయమని ఇదే కాగితంలో అడగండి.

బీమా కట్టి ఉంటే అది పూర్తిగా వేరే దారి. ఒకటి వస్తే రెండోది పోదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో వడగళ్లు, కుంభవృష్టి వంటి స్థానిక నష్టాలకు, కోసి చేలో ఆరబెట్టిన పంటకు (కోత తర్వాత 14 రోజుల లోపు) 72 గంటల్లో 14447 నంబరుకు తెలపాలి. వరి ముంపును 2018లో స్థానిక నష్టాల నుంచి తొలగించారు, 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తున్నట్లు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. మీ పాలసీ ఏ సీజన్‌దో చూసుకోండి. 72 గంటల గడువు బీమాకే, ఇన్‌పుట్ సబ్సిడీకి కాదు. ఈ రెండూ కలిపి గందరగోళపడి, గడువు దాటిందని సబ్సిడీ కూడా వదులుకోవద్దు.

బృందం వచ్చిన రోజు

ముందు మండలం మొత్తానికి ప్రాథమిక అంచనా వెళ్తుంది. పత్రికల్లో వచ్చే వేల హెక్టార్ల అంకెలు అవే, వాటిలో మీ పేరు ఉండదు. నీళ్లు తీశాక వ్యవసాయ, ఉద్యాన, రెవెన్యూ సిబ్బంది కలిసి చేనుచేనుకూ తిరిగి రైతుల వారీగా రాస్తారు. ఆ రోజు ఊరి చావడి దగ్గర పేరు చెప్పి వచ్చేస్తే లాభం లేదు. చేను దగ్గర మీరో, మీ ఇంట్లో ఒకరో ఉండాలి. ఊరికి దూరంగా, దారి మునిగి ఉన్న చేలే తప్పిపోతుంటాయి. వాటి సర్వే నంబర్లు ఓ కాగితం మీద రాసి బృందం చేతికివ్వండి.

33 శాతం అన్నది ఏ భూమి మీద అన్న ప్రశ్న తరచూ వస్తుంది. నాలుగు ఎకరాల్లో పల్లంలోని ఎకరన్నర పూర్తిగా పోయి మిగతాది బాగుంటే, మొత్తం చేనును సగటున చూసి తీసేయకుండా, ఆ ఎకరన్నరను విడిగా రాయమని అడగండి. పల్లం సర్వే నంబరులో వేరే సబ్‌డివిజన్ అయితే ఇది సులువు. కాకపోతే పోయిన భాగాన్ని గట్ల హద్దులతో చూపించాలి. రాసుకున్న విస్తీర్ణం, శాతం ఆ గట్టు మీదే అడిగి తెలుసుకోండి.

గోడ మీద జాబితా

మొత్తం ప్రక్రియలో రైతు చేతిలో నిజంగా ఉన్న రోజులు ఇవే. అర్హుల జాబితాను సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రంలో, సచివాలయంలో పెడతారు. అభ్యంతరాలకు ఇచ్చే వ్యవధి కొద్ది రోజులే. పొలం పనుల్లో పడి చూడకపోతే అంతే సంగతులు. మీ పేరు ఉందా అని మాత్రమే చూడొద్దు. పంట, సెంట్లు, నీటి వసతి, సర్వే నంబరు, సాగుదారు పేరు సరిచూసి జాబితాను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మీ చేను మరొకరి పేరున ఉన్నా, పంట వేయని భూమి చేరినా రాతపూర్వకంగా చెప్పండి. అభ్యంతరానికి ఈ-పంట రసీదు, తొలి దరఖాస్తు ప్రతి, రెండు ఫొటోలు, కౌలు రైతయితే సీసీఆర్‌సీ జతచేసి మండల వ్యవసాయాధికారికి ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పింది ఫైల్లో ఉండదు.

పంట కాకుండా పోయినవి

ఇవీ పైన చెప్పిన 2022–23 నుంచి 2025–26 నాటి కేంద్ర రేట్లే. పొలంలో 3 అంగుళాలకు మించి ఇసుక లేదా ఒండ్రు మేట వేస్తే తొలగించుకోవడానికి హెక్టారుకు 18,000 రూపాయలు. ఏరు దారి మార్చుకుని భూమే కోతకు గురైతే హెక్టారుకు 47,000. ఈ రెండూ చిన్న, సన్నకారు రైతులకే. భూమి రికార్డుల్లో యజమానిగా ఉన్నవారికే ఇస్తారు, కౌలుదారుకు కాదు. కొలత రెవెన్యూ సిబ్బంది ధ్రువీకరించాలి కాబట్టి మేట మీద గుంట తవ్వి, లోపల స్కేలు నిలబెట్టి ఫొటో తీయండి. జేసీబీ దించేది ఆ తర్వాతే.

పశువులకు వేరే రేట్లు: పాడి ఆవు, గేదెకు 37,500, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రె, మేకకు 4,000 రూపాయలు. ఒక కుటుంబానికి పెద్ద పాడి పశువులు 3, గొర్రెలు మేకలయితే 30 వరకు. కోడికి 100 చొప్పున 10,000 మించకుండా. పశువైద్యుడు చూసి ధ్రువపత్రం ఇచ్చేదాకా కళేబరాన్ని పూడ్చకండి. వరదలో అది సాధ్యం కాకపోతే చెవి పోగు నంబరు కనిపించేలా ఫొటో తీసి, పంచాయతీ కార్యదర్శి సమక్షంలో పూడ్చండి.

పంట రుణం ఉన్నవాళ్లు బ్యాంకుకు కూడా దరఖాస్తు ఇవ్వాలి. 2018 నాటి రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల ప్రకారం నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే రెండేళ్ల వరకు, 50 శాతం దాటితే ఐదేళ్ల వరకు వాయిదాలు మార్చే వీలు కల్పించారు, అందులో మొదటి ఏడాది విరామం కలిసే ఉంది. అడగనివారికి ఇది దానంతటది రావడం అరుదు.

తెలంగాణలో ఉన్నవారికి ఒక మాట. అక్కడ పంట వివరాల నమోదు, నష్టం పరిశీలన వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర ఉంటాయి, రైతు వేదికలో కలవాలి. ఫసల్ బీమా నుంచి ఆ రాష్ట్రం 2020లో బయటికొచ్చింది. రేటు ప్రతిసారీ ప్రభుత్వ ప్రకటనతోనే తేలుతుంది: 2023 మార్చి వడగళ్లకు ఎకరాకు 10,000 ప్రకటించారు.

డబ్బు పడకపోతే

ఊళ్లో కొందరికి పడి మీకు పడకపోతే, ముందు ఆధార్‌తో జతపడిన ఖాతా పాస్‌బుక్ నింపించండి. చాలామంది వేరే ఖాతా చూసుకుని రాలేదనుకుంటారు. అక్కడా లేకపోతే రైతు సేవా కేంద్రంలో రెండు సంగతులు విడివిడిగా అడగండి: తుది జాబితాలో ఉన్నానా? ఉంటే చెల్లింపు వెనక్కి వచ్చిందా, ఏ కారణంతో? బ్యాంకు కారణమైతే ఖాతా సరిచేయించి, ఆ సంగతి మండల వ్యవసాయాధికారికి రాసిస్తే తర్వాతి విడతలో మళ్లీ పంపే వీలుంటుంది. జాబితాలోనే లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, 1100కు ఫోన్ చేసినా నమోదవుతుంది. అర్జీ సంఖ్య దాచుకోండి.

అక్కడా తేలకపోతే సమాచార హక్కు చట్టం. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రశ్న ఎందుకు ఇవ్వలేదు అని ఉంటే పొడి జవాబు వస్తుంది. కాగితాలు అడగండి: ఫలానా సర్వే నంబరుకు నష్ట పరిశీలనలో రాసిన పుట నకలు, అనర్హమని తేలిస్తే ఆ కారణం రాసిన పుట, ఫలానా తేదీన నేనిచ్చిన అభ్యంతరంపై తీసుకున్న చర్య, నా పేరున పంపిన చెల్లింపు తేదీ, తిరస్కరణ కారణం. జవాబు రాకపోయినా అసంపూర్తిగా వచ్చినా 30 రోజుల్లోపు అప్పిలేట్ అధికారికి రుసుము లేకుండా మొదటి అప్పీలు వేయవచ్చు.